మేం తవ్విన చెరువు

ముసలామె కింద పడింది. పడిందా, పడేశారా అన్నదాని మీద ఆ తర్వాత చాలా వాదన నడిచింది. మున్సిపల్ ఆఫీసులో "పడింది" అన్నారు. బట్టీ వీధిలో "పడేశారు" అన్నారు. ఆమె కోడలు మాత్రం కుళాయి దగ్గర్నుంచి రెండు బకెట్లు మోసుకొస్తూ కళ్ళారా చూసింది.

పొద్దున్నే సర్వేయరు వచ్చాడు. వెంట టేపు పట్టేవాడొకడు, ఎర్రరంగు డబ్బా మోసేవాడొకడు. ఇంటింటి గోడకీ ఒక నంబరు, దాని కింద ఒక అడ్డగీత గీసుకుంటూ వస్తున్నారు. ముసలామె గోడకి ఆనుకుని పీట మీద కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తోంది.

"లే అవ్వా, గోడకి గుర్తు పెట్టాలి."

"ఏం గుర్తయ్యా?"

"ఆక్రమణ గుర్తు. ఇది చెరువు స్థలం. చెరువులో ఇళ్ళు కట్టుకు కూర్చున్నారు మీరంతా."

ముసలామెకి నవ్వొచ్చింది. "చెరువేంటి? ఆ గుంటా? అది నేను తవ్విన గుంట నాయనా. నా మొగుడు పార వేస్తే నేను తట్ట మోశాను. నేను తవ్విన గుంటలోకి నేనే జొరబడ్డానా?"

రంగువాడికి ఎండెక్కిపోతోంది. ఇంకా సగం వీధి మిగిలి ఉంది. పీటని కాలితో పక్కకి తోశాడు. ముసలామె దభీమని నేల మీద పడింది. కుడిచెయ్యి ఒంటి కింద ఇరుక్కుపోయి మణికట్టు దగ్గర కలుక్కుమంది. ఉల్లిపాయలు వీధిలోకి దొర్లాయి. సర్వేయరు కాగితంలోంచి తల కూడా ఎత్తలేదు. "నలభై ఒకటి" అన్నాడు. రంగువాడు గోడ మీద నలభై ఒకటి వేశాడు.

కోడలు బకెట్లు అక్కడే వదిలేసి పరుగెత్తింది. "మనిషి పడిపోతే కనపడలేదా నీకు? కళ్ళా అవి, గవ్వలా?"

"అడ్డం వస్తే ఏం చెయ్యమంటావ్? ఆఫీసుకొచ్చి చెప్పుకో" అన్నాడు సర్వేయరు. పక్కింటికి నడిచాడు. "నలభై రెండు."

ఆ కోడల్ని వీధిలో అందరూ పుస్తకాలక్క అంటారు. రైలు గేటు పక్కన ప్రింటింగ్ ప్రెస్సులో ఇరవై ఏళ్ళుగా బైండింగ్ పని చేస్తోంది. అచ్చయిన కాగితాలు మడతపెట్టి, ఆ మడతల్ని, అంటే ఫారాల్ని, వరసలో పేర్చి, కుట్టి, జిగురు రాసి అట్ట అంటిస్తుంది. భర్త పోయి ఎనిమిదేళ్ళు. ఇంట్లో ఆమె, అత్త. అత్తాకోడళ్ళు రోజూ పోట్లాడుకుంటారు. ఒకరు తినకపోతే ఇంకొకరికి ముద్ద దిగదు.

ఆ రోజు అత్తకి కట్టు కట్టించి ప్రెస్సుకెళ్ళేసరికి గంట ఆలస్యమైంది. యజమాని గొణుగుతున్నాడు. అర్జంటు పని వచ్చిపడింది. ఊరు మున్సిపాలిటీ నుంచి నగరంగా మారుతోంది. ఆ సందర్భంగా 'మన నగర చరిత్ర' అని రంగుల బొమ్మలతో పుస్తకం వేస్తున్నారు. రెండు వారాల్లో ఆవిష్కరణ సభ.

పుస్తకాలక్కకి ఫారం మడిచేటప్పుడు ఒక కన్నేసి చదవడం అలవాటు. ఏడో తరగతి దాకానే చదివినా, ప్రెస్సులో పెళ్ళి శుభలేఖ నుంచి న్యాయశాస్త్రం దాకా ఆమె చేతిలోంచి వెళ్ళని కాగితం లేదు. మూడో ఫారం మడుస్తుంటే చెయ్యి ఆగిపోయింది.

"నగరానికి పడమట ప్రకృతి ప్రసాదించిన సుందర సరస్సు కలదు. అనాదిగా నిర్మానుష్యంగా ఉండిన దాని తీరమున ఇటీవలి కాలంలో కొందరు గుడిసెలు వేసుకొని దాని అందాన్ని పాడుచేయుచున్నారు."

మళ్ళీ చదివింది. మెషీన్ నడిపే మనిషిని పిలిచింది. అతనూ బట్టీ వీధివాడే. నల్లగా ఇంకు పట్టిన వేళ్ళతో ఆ కాగితం అంచు పట్టుకుని, పెదాలు కదుపుతూ చదివాడు.

"మనమేనా ఈ కొందరు?"

"ఇంకెవరు?"

"నేను పుట్టింది అక్కడేనే!"

"నువ్వు పుట్టినట్టు ఈ పుస్తకంలో లేదు" అంది పుస్తకాలక్క.

ఆ ఊరి చరిత్ర నిజానికి అంత పొడుగైనదేమీ కాదు. డెబ్బై ఏళ్ళ కింద అక్కడ ఊరే లేదు. రైలింజనుకి నీళ్ళు పట్టే ఒక తొట్టి, ఒక గుడ్డి దీపం, చుట్టూ ఎర్రమట్టి. మహానగరానికి ఆఫీసులు, ఆసుపత్రి, జైలు కట్టాలి. ఇటుక కావాలి. ఇప్పుడు చెరువు సుందరీకరణ కాంట్రాక్టు చేస్తున్నవాడి తాత ఆ మట్టి మీద హక్కు సంపాదించాడు. వానల్లేక ఎండిపోయిన పల్లెల నుంచి కుటుంబాలకి కుటుంబాల్ని బళ్ళలో తోలుకొచ్చాడు. వాళ్ళు మట్టి తవ్వారు, తొక్కారు, అచ్చుల్లో పోశారు, కాల్చారు. వాళ్ళకి బియ్యం అమ్మడానికి ఒక కొట్టొచ్చింది. కొట్టు పక్కన సత్రం, సత్రం పక్కన బడి. మట్టి అయిపోయాక బట్టీ ఆరిపోయింది. కాంట్రాక్టరు తండ్రి చుట్టూ ఉన్న నేలని ప్లాట్లు చేసి అమ్మాడు. మహానగరంలో అద్దెలు కట్టలేని గుమాస్తాలు, టీచర్లు వచ్చి చేరారు. బట్టీ వీధివాళ్ళే తాపీమేస్త్రీలై వాళ్ళ ఇళ్ళు కట్టారు, వెల్డర్లై వాళ్ళ గేట్లు బిగించారు, చీపుళ్ళు పట్టి వాళ్ళ రోడ్లు ఊడ్చారు. ఇంతే చరిత్ర. ఇందులో ఒక్క ముక్కా ఆ రంగుల పుస్తకంలో లేదు.

ఉంటే ఏం, లేకపోతే ఏం అని ఎవరన్నా అనొచ్చు. సర్వే రోజునే గోడల మీద అంటించిన నోటీసులో జవాబుంది. "చెరువు ఏర్పడిన పిమ్మట వచ్చి ఆక్రమించుకొన్నవారు పదిహేను రోజుల్లో ఖాళీ చేయవలెను." చెరువు ముందా, మనుషులు ముందా? అంతా దాని మీదే ఆధారపడి ఉంది. చెరువే ముందని పుస్తకం చెప్తోంది.

మర్నాటి నుంచి తిరుగుడు మొదలైంది. పుస్తకాలక్క, వీధిలో షెడ్డున్న వెల్డరు, కాలేజీలో చదివే అతని కూతురు కలిసి మున్సిపల్ ఆఫీసుకెళ్ళారు. గుమాస్తా అర్జీ అందుకుని చూశాడు.

"రుజువేదీ?"

"ఏం రుజువండీ?"

"చెరువు కంటే ముందు మీరున్నారని."

"మేమే రుజువు. ఇదిగో ఉన్నాంగా!"

"మీరు ఇప్పుడున్నారమ్మా. అప్పుడున్నట్టు కాగితం కావాలి."

రెవెన్యూ వాళ్ళ దగ్గరుంటుందన్నాడు. రెవెన్యూలో, పాత రికార్డు గదికి పొమ్మన్నారు. రికార్డు గది తాళం పెట్టుకున్నాయన సెలవులో ఉన్నాడు. సెలవు అయ్యాక వచ్చి, ఆ ఏళ్ళవి చెదలు తినేశాయన్నాడు. చెదలు తిన్నట్టయినా రాసివ్వమని కాలేజీ పిల్ల అడిగింది. అలా రాసిచ్చే అధికారం తనకి లేదన్నాడు. పది రోజులు ఇలాగే గడిచాయి. పుస్తకాలక్క చెప్పు తెగింది. ఇంటికొచ్చి ఆ చెప్పుని గోడకేసి కొట్టింది. సరిగ్గా నలభై ఒకటి మీద.

ఆ పుస్తకం రాసింది రిటైరైన హెడ్మాస్టరు. బట్టీ వీధి పిల్లలందరికీ, పుస్తకాలక్కకి కూడా, ఆయనే అక్షరాలు నేర్పాడు. ఆమె ఆయన ఇంటికెళ్ళింది. ఆయన వరండాలో పడకకుర్చీలో ఉన్నాడు. గుర్తుపట్టి సంతోషించాడు. ఆమె ఫారం చూపించింది. సంతోషం పోయింది.

"సారూ, మేం ఇటీవల వచ్చామా? మా మామ చేతి వేళ్ళకి మీరే కట్టు కట్టారు కదా, బట్టీలో కాలితే?"

ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచాడు. "రాశానమ్మా. ఒక అధ్యాయం మొత్తం రాశాను. కమిటీ వద్దంది. కమిటీకి పెద్ద కాంట్రాక్టరే. నీ మాట నిజమే. కానీ నిజానికి కాగితం ఉండాలి కదా."

"కాగితం తయారుచేస్తోంది మీరేగా సారూ!"

 లోపల్నుంచి మందులు వేసుకునే టైమైందని ఎవరో పిలిచారు.

ఆ సాయంత్రం వెల్డరు షెడ్డులో వీధంతా కూడింది. ఇనుప ఊచల మీద, సైకిళ్ళ మీద, నేల మీద ఎక్కడ చోటుంటే అక్కడ కూర్చున్నారు. మెషీన్ మనిషి ముందు చెప్పాడు: ప్రెస్సులో అందరం చేతులు కట్టుకు కూర్చున్నాం, బైండింగు ఆపేశాం. యజమాని కాళ్ళావేళ్ళా పడ్డాడు, తర్వాత తిట్టాడు, ఆఖరికి ఫారాలన్నీ వ్యానులో వేసుకుని మహానగరంలో కుట్టించడానికి తీసుకెళ్ళిపోయాడు.

"అంటే ఆపలేకపోయారు" అన్నాడు వీధిలోని తాపీమేస్త్రీ ఒకడు.

"ఆపలేకపోయాం. ఇప్పుడు పనీ లేదు."

"అందుకే చెప్తున్నా. మున్సిపాలిటీవాళ్ళు కొండవతల తలా ఒక గది ఇస్తామంటున్నారు. మూసుకుని తీసుకుందాం. ఆ గది కూడా పోతే పెళ్ళాం పిల్లల్ని ఎక్కడ పెట్టను?"

వెల్డరు లేచాడు. "కొండవతల ఏం పని దొరుకుతుంది నీకు? కొండకి సున్నం కొడతావా? ఆ సర్వేయరు కాళ్ళు విరగ్గొడితే గానీ..."

"విరగ్గొట్టు! నిన్ను లోపలేస్తారు, మిగతావాళ్ళ ఇళ్ళు ఇంకా తొందరగా కూలుస్తారు!"

అరుపులు పెరిగాయి. ఆడవాళ్ళు మగవాళ్ళ మీద, మగవాళ్ళు ఒకరి మీద ఒకరు.  పది రోజులు ఆఫీసుల్లో ఎవరి మీద అరవాలో వాళ్ళ మీద అరవలేక, ఇప్పుడు ఒకళ్ళనొకళ్ళం పీక్కు తింటున్నాం అనుకుంది పుస్తకాలక్క.

"మీ అరుచుకోవడం అయ్యాక చెప్పండి. నాదీ ఒక మాటుంది" అంది ముసలామె. చెయ్యి మెడకి వేలాడుతోంది. "రుజువు రుజువు అంటారు. గుంట ఒడ్డు కూలి ఎనిమిది మంది పోయారు, తెలుసా మీకెవరికన్నా?"

కుర్రకారుకి తెలియదు. పెద్దవాళ్ళు తల దించుకున్నారు.

"ముసురు పట్టింది. గుంటలో నీళ్ళు నిలిచి ఒడ్డు నానిపోయింది. దిగమంటే దిగాం. కూలింది. నా తోడికోడలు అందులోనే పోయింది. మర్నాడు మళ్ళీ దిగమన్నాడు ఈ కాంట్రాక్టరు తాత. దిగలేదు. పద్దెనిమిది రోజులు బట్టీకి నిప్పు పెట్టనివ్వలేదు. నీళ్ళు పోవడానికి కాలువ తవ్వితేనే దిగుతామన్నాం. పోలీసుల్ని తెచ్చాడు, కొట్టించాడు. కూర్చున్నాం. ఆఖరికి దారికొచ్చాడు. గుంట అంచు నుంచి కిందున్న వాగు దాకా కాలువ మేమే తవ్వాం. మళ్ళీ ఎవరూ చావలేదు. బట్టీ మూసేశాక వీడి తండ్రి ఆ కాలువ మూతికి ఇటుక గోడ కట్టేశాడు. గుంటలు కనపడితే ప్లాట్లు కొనరని నీళ్ళు నిలబెట్టాడు. అదీ మీ చెరువు."

 కాలేజీ పిల్ల మెల్లగా అడిగింది. "అవ్వా, ఆ కాలువ ఇప్పుడెక్కడుంది?"

"ఎక్కడికి పోతుంది? ఉన్నచోటే ఉంది. పంపు షెడ్డు వెనక, ముళ్ళపొదల కింద."

తాపీమేస్త్రీ తల గోక్కున్నాడు. "గోడ పగలగొడితే నీళ్ళెంత దిగుతాయి?"

"సగం దిగుతాయి. సగం చాలు. మేం తవ్విన మెట్లు కనపడతాయి."

 మేస్త్రీ లేచి, "రేపు పనికి పోను. గునపం నాదగ్గరుంది" అన్నాడు.

దొంగతనంగా చెయ్యలేదు. పట్టపగలు చేశారు. మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి యాభై మంది పారలు, తట్టలు పట్టుకుని పంపు షెడ్డు వెనక చేరారు. తొమ్మిదింటికి నూరు దాటారు. ప్రెస్సు వాళ్ళొచ్చారు, రోడ్లు ఊడ్చేవాళ్ళు చీపుళ్ళు పక్కనపెట్టి వచ్చారు. ముసలామెని కుర్చీతో సహా మోసుకొచ్చి గట్టు మీద కూర్చోబెట్టారు. ఎడమచేత్తో చూపిస్తూ, "ఇటు కాదురా, అటు. నీ తాత ఇంతకంటే నయంగా తవ్వేవాడు" అని తిడుతూనే ఉంది.

కాంట్రాక్టరు కాపలాదారు పరుగెత్తుకొచ్చాడు. "ఏం చేస్తున్నారు?"

"సుందరీకరణ" అంది పుస్తకాలక్క.

"ఎల్లుండి సభ కదా, శుభ్రం చేయిస్తున్నారా?" అని వాడు నమ్మేసి, నీడలోకి వెళ్ళి కూర్చున్నాడు. తట్టలు మోసేవాళ్ళు నవ్వాపుకోలేక దగ్గులు నటించారు.

మధ్యాహ్నానికి గోడ బయటపడింది. పాతకాలపు పెద్ద ఇటుక. తాపీమేస్త్రీ గునపం వేశాడు. నాలుగో పోటుకి ఇటుక కదిలింది, సన్నగా నీళ్ళు చిమ్మాయి. అప్పుడు గోడ దానంతటదే విరుచుకుపడింది. మనుషులు అరుస్తూ రెండు పక్కలకీ గెంతారు. నీళ్ళు బురదరంగులో ఉరుకుతూ పాత దారి పట్టుకుని వాగు వైపు పోయాయి.

రెండో రోజుకల్లా నీళ్ళు రెండు నిలువులు దిగాయి. ఊరు ఊరంతా గట్టు మీదికి వచ్చి చూసింది. ప్రకృతి ప్రసాదించిన సరస్సు లోపల మెట్లు మెట్లుగా, పార అంచుతో కోసిన నేల. మూలమట్టం పెట్టి గీసినట్టున్న మూలలు. వంకరపోయిన తోపుడుబండి పట్టాలు. కూలిన బట్టీ కమానులు, వాటి మీద ఇంకా మసి. ఒక పక్క మాత్రం మెట్లు లేవు. ఒడ్డు జారి పెద్ద కుప్పగా ఉంది. ముసలామె దాన్ని చూసి ముఖం పక్కకి తిప్పుకుంది. పుస్తకాలక్క ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఎప్పుడూ విదిలించుకునే అత్త ఆ రోజు విదిలించుకోలేదు.

కొత్త కాలనీ గుమాస్తా ఒకాయన, "ఇన్నేళ్ళు ఇక్కడ వాకింగ్ చేస్తున్నాను, నాకు తెలియలేదే" అన్నాడు. 

సభకి వేదిక ఆ గట్టు మీదే వేశారు. మార్చడానికి టైము లేదు. చైర్మను, కాంట్రాక్టరు, పట్టుగుడ్డ కట్టిన పుస్తకాల కట్ట. వెనక బురదగుంట. కాంట్రాక్టరు మైకు తీసుకుని, సంఘవిద్రోహులు సరస్సుని నాశనం చేశారన్నాడు. తర్వాత హెడ్మాస్టర్ని మాట్లాడమన్నారు. ఆయన లేచాడు. వెనక్కి తిరిగి గుంటని చూశాడు. పుస్తకాలక్క జనంలోంచి ముందుకొచ్చి నిలబడింది. ఇప్పుడు చెప్తాడు, ఇప్పుడు చెప్తాడు అని ఎదురుచూసింది.

"నాకు ఒంట్లో బాగాలేదు" అని ఆయన వేదిక దిగి నడిచి వెళ్ళిపోయాడు.

"అంతేనా సారూ?" అని అరిచింది పుస్తకాలక్క. ఆయన తిరిగి చూడలేదు.  కొండంత గుంట కళ్ళెదురుగా ఉంటే, దాని మాట చెప్పడానికి ఒక్క చదువుకున్న నోరు పెగల్లేదు.

ఆమె తనే వేదికెక్కి మైకు లాక్కుంది. "ఇది చెరువు కాదు. మా గుంట. ఇందులో ఎనిమిది మంది..." అంతవరకే వినపడింది. మైకు తీసేశారు. పోలీసులు ఎక్కొచ్చారు. కింద జనం తోసుకొచ్చారు, కుర్చీలు విరిగాయి, వెల్డరు నెత్తి పగిలింది. ఆమెని, అతన్ని, అతని కూతుర్ని, మెషీన్ మనిషిని, తాపీమేస్త్రీని వ్యానెక్కించారు.

స్టేషనులో ఇన్‌స్పెక్టరు కేసు రాస్తున్నాడు. కాంట్రాక్టరు ఎదురుగా కూర్చుని చెప్తున్నాడు. నష్టపరిహారం రాబట్టాలని అతని పట్టుదల.

"ఆ గోడ ఎవరిదండీ? మున్సిపాలిటీదా?" అడిగాడు ఇన్‌స్పెక్టరు.

"మున్సిపాలిటీది ఎలా అవుతుంది? మాది. మా నాన్నగారు సొంతంగా కట్టించింది. మా తాతగారి బట్టీకి కూలీలు తవ్విన మట్టిగుంట కాలువకి అడ్డంగా. రాసుకోండి."

ఇన్‌స్పెక్టరు రాసుకున్నాడు. సంతకం పెట్టించుకుని, నంబరు వేసి, ముద్దాయిలకి చదివి వినిపించాడు. "ఇటుక బట్టీలో కూలీలు తవ్విన మట్టిగుంట నుండి నీరు బయటకు పోవు కాలువకు ఫిర్యాదిదారుని తండ్రి కట్టించిన గోడను, ముద్దాయిలు పగలగొట్టి..."

బెంచీ మీద కూర్చున్న పుస్తకాలక్క తలెత్తింది. ఇరవై ఏళ్ళుగా కాగితాలు మడిచిన మనిషి. "సారూ, ఇంకొక్కసారి చదవండి."

ఆయన చదివాడు. కాలేజీ పిల్ల ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. కాంట్రాక్టరుకి అప్పటికి తట్టింది. గుంట కంటే ముందు కూలీలున్నారని తన నోటితోనే రాయించాడు. "అది కాదు, ఆ వాక్యం మార్చండి" అన్నాడు.

"మీరు సంతకం పెట్టేశారండీ. నంబరు కూడా పడింది" అన్నాడు ఇన్‌స్పెక్టరు చిరాగ్గా. తల పగిలినవాళ్ళు, అరిచేవాళ్ళు, ఫోనులు, పొద్దుట్నుంచి ఆయనకి తిండి లేదు.

"మా మీద కేసు కాబట్టి మాకూ ఒక కాపీ ఇవ్వాలి. ముద్ర వేసి ఇవ్వండి" అంది పుస్తకాలక్క. "గోడ పగలగొట్టామని ఒప్పుకుంటున్నాం. ఎక్కడ సంతకం పెట్టాలో చెప్పండి."

అంతలో బయట గోల. కిటికీలోంచి చూస్తే మెట్ల మీద, ఆవరణలో, గేటు దాటి రోడ్డు మీద జనం. బట్టీ వీధి అంతా వచ్చింది. కానిస్టేబులు తలుపు దగ్గర చేతులు చాపి ఆపుతున్నాడు. "విడిపించడానికి ఇప్పుడు కుదరదు. వెళ్ళండి, వెళ్ళండి!"

"విడిపించమని ఎవరడిగారు?" అంది ముందున్న ముసలామె. "మేమూ తవ్వాం. మా పేర్లూ రాయండి."

రెండు వైపులా పట్టుకుని ఆమెని బల్ల దగ్గరికి తెచ్చారు. ఇన్‌స్పెక్టరు నెత్తి కొట్టుకున్నాడు. "అవ్వా, నువ్వేం తవ్వావు? చెయ్యి విరిగి ఉంది."

"చూపించింది నేనే. మొదటి ముద్దాయిని నేను. రాసుకో."

రాయకపోతే కదలరని ఆయనకి అర్థమైంది. "వృత్తి?"

"మట్టి తవ్వడం."

"ఎన్నాళ్ళుగా ఉంటున్నావ్ ఆ వీధిలో?"

"ఆ గుంట లేనప్పట్నుంచి. అలాగే రాయి, నా మాట మార్చకు."

ఆయన రాశాడు. ఆమె ఎడమచేతి బొటనవేలు సిరాలో ముంచి కాగితం మీద ఒత్తింది. వెనకున్న చాకిరీ మనిషి ముందుకొచ్చింది. "నా వృత్తి ఇళ్ళల్లో పని. మా అమ్మది ఇటుక మోత. పుట్టింది బట్టీ వీధిలో." ఆమె వెనక సైకిలు బాగుచేసేవాడు. వాడి తాత బట్టీకి నిప్పు పెట్టేవాడు. వాడి వెనక రోడ్లూడ్చే అక్కాచెల్లెళ్ళు.

నోటీసు గడువు రేపటితో అయిపోతుంది. ఇళ్ళు కూల్చే పసుపురంగు యంత్రాలు రెండు అప్పటికే వీధి మొదట్లో తెచ్చి నిలిపారు. కేసు కాగితం చూసి అవి ఆగుతాయో, లేదో ఎవరికీ తెలియదు. పుస్తకాలక్కకీ తెలియదు. లాకప్పు తలుపు వేస్తుంటే ఆమె కానిస్టేబుల్ని అడిగింది. "రేపు యంత్రాల ముందు కూర్చోవడానికి వీధిలో ఎంతమంది మిగులుతారు? అందర్నీ మీరే లోపల పెట్టేస్తున్నారుగా."

"వాళ్ళని పెట్టడానికి చోటేదీ?" అన్నాడతను విసుగ్గా. "రాసుకుని పంపేస్తాం."

ఇన్‌స్పెక్టరు దగ్గర కాగితాలు అయిపోయాయి. ఇంకో కట్ట తెమ్మని మనిషిని పంపించి, కలం కిందపెట్టి వేళ్ళు విరుచుకున్నాడు. "ఇంకా ఎంతమందయ్యా?" అన్నాడు.

గేటు అవతల్నుంచి, కనపడనంత దూరం నుంచి, ఎవరో ఆడమనిషి గొంతు చించుకుని జవాబు చెప్పింది.

"రాస్తూ ఉండు నాయనా! అందరం వచ్చాం."